పిల్లలు, పెద్దవాళ్లతో సెకోయా మహావృక్షాలు చూడటానికి కారులో వెళ్లడం ఎలా?

ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తయ్యగారో మామయ్యగారో వచ్చారంటే చాలు, కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు అడిగే ప్రశ్నలు మూడే. "సెకోయా నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం, పెద్దవాళ్లు నడవగలరా? ఒక్క రోజులో వెళ్లి వచ్చేయొచ్చా? పనిలో పనిగా యోసెమిటీ కూడా కలిపేయొచ్చా?"

నడవగలరు, ఏ దారిన నడిపించాలో మీకు తెలిస్తే. ఒక్క రోజులో వద్దు, ఎనిమిది తొమ్మిది గంటలు కారులోనే గడిచిపోతాయి. యోసెమిటీతో కలపడం అసలు వద్దు. రెండిటినీ ఒకే వీకెండ్‌లో ఇరికిస్తే రెండూ చూడనట్టే. ఈ చెట్ల దగ్గర కాసేపు కూర్చోవాలి. హడావుడి పడితే మిగిలేది పార్కింగ్ వెతుక్కున్న జ్ఞాపకమే.

కింద రాసిందంతా బే ఏరియా నుంచి బయల్దేరేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. లాస్ ఏంజెలెస్ వైపు నుంచి వచ్చేవాళ్లకు దారి మారుతుంది గానీ మిగతాదంతా అదే.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మ్యూర్ వుడ్స్‌లో ఉన్నవి తీరప్రాంతపు రెడ్‌వుడ్‌లు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తుగా పెరిగే జాతి అది, కొన్ని 350 అడుగులు దాటతాయి. సెకోయాలు వేరు. అంత ఎత్తు ఉండవు గానీ, లావులో, మొత్తం కలప పరిమాణంలో వాటికి సాటి లేదు. సహజంగా పెరిగేది సియెరా నెవాడా పర్వతాల పడమటి వాలులోనే. "మ్యూర్ వుడ్స్ చూశాంగా, మళ్లీ ఇదెందుకు" అని ఎవరైనా అంటే ఈ తేడా చెప్పండి.

పెద్దవాళ్లకు చెప్పడానికి ఇంకో మాట ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దించుకుంటూ నాలుగున్నర ఎకరాలకు పైగా పరుచుకుంది. సెకోయాకు ఊడలు లేవు, అంతా ఒకే మాను. జనరల్ షెర్మన్ అనే చెట్టు ఎత్తు 275 అడుగులు, మొదలు దగ్గర అడ్డకొలత 36 అడుగులు, వయసు సుమారు 2,200 ఏళ్లు. అంటే మన దగ్గర సాతవాహనుల కథ మొదలవుతున్న రోజుల్లో అది మొక్క. ఈ ముక్క ముందే చెబితే మామయ్యగారు కారులో నిద్రపోరు.

కావలసినవి

- కనీసం ఒక రాత్రి బస, వీలైతే రెండు
- బ్రేకులు బాగున్న కారు. పదిమందికి పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకుంటుంటే పొడవు 22 అడుగులు దాటకుండా చూసుకోండి
- క్రెడిట్ కార్డు. గేటు దగ్గర నగదు తీసుకోరు
- అందరి గుర్తింపు కార్డులు, వచ్చిన పెద్దవాళ్ల పాస్‌పోర్టులు
- ఫోన్లో డౌన్‌లోడ్ చేసిన మ్యాపు. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు
- నడవడానికి షూస్. చీర ఫర్వాలేదు, చెప్పులు మాత్రం వద్దు
- ఎండాకాలమైనా సరే, తలా ఒక స్వెటర్
- బీపీ, షుగర్ మాత్రలు, వాంతుల మాత్రలు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు
- చలికాలంలో అయితే టైర్లకు గొలుసులు

1. నెల ఎంచుకోండి

జూన్ మొదటి సగం, లేదంటే సెప్టెంబర్, అక్టోబర్ మంచివి. జూలై, ఆగస్టుల్లో వెళ్లొచ్చు, కాకపోతే ఎనిమిదిన్నరకల్లా షెర్మన్ చెట్టు పార్కింగ్‌లో ఉండాలి. అడవుల్లో కార్చిచ్చులు ఎక్కువగా రేగేది వేసవి చివరి నుంచి అక్టోబర్ దాకా కాబట్టి, ఆ రోజుల్లో వెళ్తే పొగ, రోడ్ల మూసివేత సమాచారం బయల్దేరే ముందు రోజు తప్పకుండా చూడండి. బస బుక్ చేసేటప్పుడు క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి.

చలికాలం మంచులో ఎర్రటి మానులు చూడటం గొప్పగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మంచు రోడ్డు మీద బండి నడిపిన అలవాటు లేకపోతే పెద్దవాళ్లను ఎక్కించుకుని ఆ సాహసం వద్దు. గొలుసులు బండిలో ఉండాల్సిందే అని బోర్డు పెడితే, లేనివాళ్లను వెనక్కి పంపేస్తారు. గ్రాంట్ గ్రోవ్, జెయింట్ ఫారెస్ట్ అనే రెండు సెకోయా తోపులనూ కలిపే జనరల్స్ హైవే మధ్యభాగం చలికాలంలో తరచూ మూసేస్తారు.

2. బస ఎక్కడో తేల్చుకోండి

పార్కు లోపల రెండు మంచివి: గ్రాంట్ గ్రోవ్ దగ్గర జాన్ మ్యూర్ లాడ్జ్, లాడ్జ్‌పోల్ దగ్గర వుక్సాచీ లాడ్జ్. రెండూ నెలల ముందే నిండిపోతాయి. దొరక్కపోతే కొండ కింద త్రీ రివర్స్ ఊళ్లోనో, ఇంకాస్త దూరంలో విసేలియాలోనో ఉండొచ్చు. విసేలియాలో ఖర్చు తక్కువ, కానీ పొద్దున్నే గంటన్నర కొండెక్కాలి. చంటిపిల్లలుంటే లోపలి బసకే నా ఓటు.

3. టికెట్ సంగతి చూసుకోండి

కారుకు ప్రవేశ రుసుము 35 డాలర్లు. ఏడు రోజులు చెల్లుతుంది, సెకోయాకూ పక్కనే ఉన్న కింగ్స్ కాన్యన్‌కూ అదే టికెట్. అన్ని జాతీయ పార్కులకూ పనికొచ్చే వార్షిక పాస్ అమెరికాలో నివసించేవాళ్లకు 80 డాలర్లు.

ఇక్కడ జాగ్రత్త. 2026 జనవరి 1 నుంచి 11 పెద్ద పార్కుల్లో విదేశీ సందర్శకులకు, 16 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికి, మామూలు రుసుము కాక మరో 100 డాలర్లు పెట్టారు. సెకోయా, కింగ్స్ కాన్యన్ ఆ జాబితాలో ఉన్నాయి. విదేశీయుల వార్షిక పాస్ 250 డాలర్లు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది తగులుతుంది. పార్కు అధికారిక వెబ్‌సైటులో రుసుముల పేజీ చదివి, మీ కుటుంబానికి ఏ పాస్ కలిసొస్తుందో లెక్కేసుకుని అప్పుడు కొనండి. గేటు దగ్గర వెనక పది కార్లు ఆగి ఉండగా ఈ లెక్క వేయడం చాలా టెన్షన్.

మీ పిల్లలు ఇక్కడ నాలుగో తరగతి చదువుతుంటే వాళ్లకు ఉచిత పాస్ ఉంది. ఆన్‌లైన్‌లో తీసుకుని ప్రింట్ పెట్టుకోండి.

4. తిండి సర్దుకోండి, కానీ ఎలుగుబంటిని దృష్టిలో పెట్టుకుని

పులిహోర, చపాతీలు, పెరుగన్నం, ఆవకాయ ఎలాగూ వస్తాయి. తీసుకెళ్లండి, పార్కులో మన నోటికి నచ్చే శాకాహారం తక్కువ. అయితే ఇక్కడి నల్ల ఎలుగుబంట్లకు కారు తలుపు పెద్ద అడ్డంకి కాదు. వాసన తగిలితే అద్దం పగలగొట్టి, తలుపు వంచి లోపలికి దూరతాయి. వాటికి తిండి అంటే మనం అనుకునేదొక్కటే కాదు, టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, బేబీ వైప్స్, ఖాళీ కూలర్, పిల్లల కారు సీటు కింద రాలిన బిస్కెట్ ముక్కలు కూడా.

అందుకని అన్నీ మూతలు బిగిసే రెండు డబ్బాల్లోనో ఒకే సంచిలోనో సర్దండి. ట్రయల్ మొదట్లో, బస దగ్గర గోధుమరంగు ఇనుప పెట్టెలు ఉంటాయి. కారు వదిలి వెళ్లేముందు సంచి మొత్తం అందులో పెట్టి గొళ్లెం సరిగ్గా పడిందో లేదో లాగి చూడండి. పది సంచుల్లో విడివిడిగా ఉంటే ఒకటి కచ్చితంగా మర్చిపోతారు. మనిషి తిండికి అలవాటు పడ్డ ఎలుగును చివరికి చంపేయాల్సి వస్తుంది. మన పచ్చడి జాడీ దాని ప్రాణం మీదకు తేకూడదు.

5. మొదటి రోజు: ఫ్రెస్నో మీదుగా ఎక్కండి

కొండెక్కడానికి రెండు దారులు. ఫ్రెస్నో నుంచి 180వ నంబరు రోడ్డు, విసేలియా నుంచి 198. రెండోది, ఫుట్‌హిల్స్ గేటు దాటాక 16 మైళ్లలో సుమారు 1,700 అడుగుల నుంచి 6,400 అడుగులకు ఎక్కుతుంది. మలుపులు 130 పైనే. 22 అడుగులు దాటిన బండ్లు ఆ భాగంలో రావద్దని పార్కువాళ్లు చెప్పేది అందుకే. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు వాంతులు వచ్చే దారి అది. 180 కాస్త నిదానంగా, వెడల్పుగా ఎక్కుతుంది. పెద్దవాళ్లుంటే దీన్నే ఎంచుకోండి.

శాన్ హోసే నుంచి గిల్రాయ్, 152 మీదుగా 99 పట్టుకుని ఫ్రెస్నో చేరండి. మధ్యాహ్నం భోజనం అక్కడే కానివ్వండి. పెట్రోల్ నిండుగా కొట్టించండి, పార్కు సరిహద్దుల లోపల బంకు లేదు. ఎలక్ట్రిక్ కారైతే ఫ్రెస్నోలో నూటికి నూరు ఛార్జ్ చేసుకోండి. ఎక్కేటప్పుడు మామూలు కన్నా చాలా ఎక్కువ ఖర్చవుతుంది, దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది.

జీపీఎస్‌లో ఉత్త "సెకోయా" అని కొట్టకండి. సెకోయా నేషనల్ ఫారెస్ట్ అని వేరే ఉంది, అది ఇంకో వైపు తీసుకెళ్తుంది. ఆగాల్సిన చోటు పేరే కొట్టండి: మొదటి రోజు "గ్రాంట్ గ్రోవ్", రెండో రోజు "జెయింట్ ఫారెస్ట్ మ్యూజియం". లాస్ వేగాస్, డెత్ వ్యాలీ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకో సంగతి గమనించండి. తూర్పు నుంచి ఈ పార్కుల్లోకి కొండ దాటే రోడ్డే లేదు, బేకర్స్‌ఫీల్డ్ చుట్టూ తిరిగి రావాలి.

6. సాయంత్రం: జనరల్ గ్రాంట్ చెట్టు

పెద్దవాళ్లకు ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా సుఖమైన నడక ఇదే. మైలులో మూడో వంతు, చదునుగా తారు వేసిన దారి, వీల్‌చెయిర్, స్ట్రోలర్ వెళ్తాయి. గ్రాంట్ ఎత్తు 268 అడుగులు. 1926లో అధ్యక్షుడు కూలిడ్జ్ దీన్ని దేశపు క్రిస్మస్ చెట్టుగా ప్రకటించాడు.

దారిలో ఫాలెన్ మోనార్క్ అని ఒక పడిపోయిన మాను ఉంటుంది. లోపల డొల్ల. పిల్లలు ఒక చివర దూరి రెండో చివర బయటికి వస్తారు, ఎన్నిసార్లయినా. ఒకప్పుడు సైనికులు అందులో గుర్రాలు కట్టేవాళ్లు. ఎన్నో ఏళ్లుగా పడి ఉన్నా పుచ్చిపోలేదు, ఎందుకంటే ఈ కలపలో వగరు ఎక్కువ, పురుగూ బూజూ తొందరగా పట్టవు.

7. రెండో రోజు ఉదయం: జనరల్ షెర్మన్

గ్రాంట్ గ్రోవ్ నుంచి ఇక్కడికి 30 మైళ్లు, గంట పడుతుంది. ఎనిమిదిన్నరకల్లా వుల్వర్టన్ రోడ్డులోని పెద్ద పార్కింగ్‌కు చేరండి.

మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. పార్కింగ్ నుంచి చెట్టు దగ్గరికి అర మైలు, అంతా దిగుడు, మధ్యలో మెట్లు. దిగేటప్పుడు అందరూ హుషారుగా దిగుతారు. తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది, మనం 7,000 అడుగుల ఎత్తులో ఉన్నామని. తిరుమల కొండకు ఇది రెండింతలకు పైనే. గాలి పలచగా ఉంటుంది, ఆయాసం వస్తుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లను ఎక్కించకండి. వాళ్ల కోసం దారులున్నాయి.

వేసవిలో ఉచిత షటిల్ బస్సు నడుస్తుంది. పై స్టాపులో దిగి, నిదానంగా చెట్టు దాకా దిగి, చెట్టు అవతల జనరల్స్ హైవే మీదున్న కింది స్టాపులో బస్సెక్కితే ఎక్కుడే ఉండదు. షటిల్ లేని రోజుల్లో, వికలాంగుల ప్లకార్డు ఉంటే కింది చిన్న పార్కింగ్ వాడుకోవచ్చు. ప్లకార్డు లేకపోయినా నడవలేని మనిషి వెంట ఉంటే, ముందు విజిటర్ సెంటర్‌లో ఆగి తాత్కాలిక అనుమతి అడగండి. అడగడానికి మొహమాటపడి అమ్మను కారులో కూర్చోబెట్టి వెళ్లిన కుటుంబాలున్నాయి. అంత దూరం తీసుకొచ్చి అలా చేయకండి.

చెట్టు చుట్టూ కంచె ఉంటుంది. ఫోటో కోసం దాటకండి. ఇంత పెద్ద చెట్టుకు తల్లివేరు లోతుగా ఉండదు, వేర్లు కొన్ని అడుగుల లోతులోనే పక్కలకు వంద అడుగుల దాకా పాకుతాయి. మీద మనుషులు తొక్కితే నేల గట్టిపడి వేరుకు నీరందదు. ఇదే కారణంతో ఈ తోపులో ఉన్న హోటళ్లు, కాటేజీలు, రోడ్లు, రెండు వందలకు పైగా కట్టడాలను పార్కువాళ్లు పీకేసి నేలను మళ్లీ చెట్లకే వదిలేశారు. లాభం తెచ్చే హోటళ్లను చెట్ల కోసం తీసేయడం నాకు ఎంతో నచ్చిన సంగతి, పిల్లలకు చెప్పి తీరాల్సింది.

తాకి చూడాలని ఉంటే, దారి పక్కనే పడి ఉన్న మాను బెరడు మీద చేయి పెట్టండి. చెక్కలా గట్టిగా ఉంటుందనుకుంటాం. వేలు నొక్కితే లోపలికి పోతుంది, కొబ్బరి పీచులా మెత్తగా, పొడిగా, వెచ్చగా ఉంటుంది. నారలు నారలుగా ఉంటుంది గానీ జిగురు అంటదు. ఈ బెరడు అడుగున్నర మందం దాకా ఉంటుంది. నిప్పుకు తట్టుకునేది అందువల్లే.

8. "ఇన్ని చెట్లు కాలిపోయాయేంటి?" అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి

తాతయ్యలూ పిల్లలూ అందరూ అడుగుతారు. మొదలు దగ్గర నల్లటి డొల్ల ఉన్నా పైన పచ్చగా ఉంటే ఆ చెట్టు బతికే ఉంది, వందల ఏళ్ల నాటి మంటల మచ్చ అది. నిజానికి సెకోయాకు చిన్న మంట కావాలి. దాని కాయలు చెట్టు మీదే ఇరవై ఏళ్ల దాకా మూసుకుని ఉంటాయి. కింద మంట వేడికి ఎండి విచ్చుకుని విత్తనాలు రాలతాయి. కింద ఆకూ అలమూ కాలిపోయిన నేల మీదే మొలక బాగా నిలుస్తుంది.

అయితే వందేళ్లకు పైగా ప్రతి చిన్న మంటనూ ఆర్పేయడంతో కింద కంప పేరుకుపోయింది. దానికి కరువు, పెరిగిన ఎండలు తోడయ్యాయి. 2020, 2021 కార్చిచ్చుల్లో ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో నూటికి 13 నుంచి 19 చచ్చిపోయాయని పార్కు అంచనా. రెండు వేల ఏళ్లు మంటలకు తట్టుకున్నవి రెండేళ్లలో పోయాయి. 2021 సెప్టెంబర్‌లో షెర్మన్ మొదలుకు వెండిరంగు రేకు చుట్టి కాపాడుకున్నారు. దారిలో నిలువునా నల్లబడి, పైన ఒక్క పచ్చని కొమ్మ లేని మానులు కనబడితే కారు ఆపి చూపించండి. అవీ చూడాల్సినవే.

9. మధ్యాహ్నం ఒక్కటే పెట్టుకోండి

జెయింట్ ఫారెస్ట్ మ్యూజియం ఎదురుగా బిగ్ ట్రీస్ ట్రయల్ ఉంది. పచ్చిక మైదానం చుట్టూ ముప్పావు మైలు, చదునుగా. బెంచీల మీద కూర్చుని పెరుగన్నం తినొచ్చు. తిన్నాక మెతుకు కూడా వదలకండి. పిల్లల కోసం విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి. నింపి ఇస్తే ప్రమాణం చేయించి బ్యాడ్జ్ ఇస్తారు.

టన్నెల్ లాగ్ చూడాలంటే: 1937లో రోడ్డుకు అడ్డంగా పడిన మానును 1938లో తొలిచి కార్లకు దారి చేశారు. ఎత్తు 8 అడుగులే. కారు పైన సామాను పెట్టె ఉంటే కొలిచి వెళ్లండి, లేదా పక్క దారి పట్టండి. వేసవి వీకెండ్‌లలో ఆ రోడ్డు మీద సొంత కార్లను రానివ్వరు, షటిలే గతి. నిలబడి ఉన్న చెట్టులోంచి కారు పోయే పాత ఫోటో చూసి అది ఇక్కడ వెతికేవాళ్లున్నారు. అది యోసెమిటీలోని వావోనా చెట్టు, 1969లోనే పడిపోయింది.

మోరో రాక్ మీదికి 350 దాకా మెట్లు. ఓపికున్నవాళ్లు వెళ్లండి. ఉరుము వినిపిస్తే మాత్రం మొదటి మెట్టు కూడా ఎక్కొద్దు.

10. దిగడం

వచ్చిన దారినే దిగితే సుఖం. 198 మీదుగా దిగాలనుకుంటే బ్రేకు తొక్కి పట్టుకోకుండా గేరు తగ్గించండి. కాలిన రబ్బరు వాసన వస్తే పక్కన ఆపి అరగంట చల్లారనివ్వండి. కింద కవేయా నది అందంగా పిలుస్తుంది. ఎండాకాలం మొదట్లో కరిగిన మంచు నీళ్లు, పైకి నిదానంగా కనిపించినా లాగేస్తాయి. ఈ పార్కుల్లో ఎక్కువ మరణాలు నదుల్లో మునిగిపోవడం వల్లే. రాళ్లు నున్నగా జారతాయి. పిల్లల చేయి వదలకండి, ఫోటో కోసం ఒడ్డు రాయి ఎక్కించకండి.

సరిగ్గా చూశామా లేదా? ఇలా పరీక్షించుకోండి

- నేల మీద అడుగు పొడవున్న పెద్ద కాయ దొరికితే అది సెకోయా కాదు, షుగర్ పైన్. సెకోయా కాయ రెండు మూడు అంగుళాలే. ఏదైనా సరే, చూసి అక్కడే వదిలేయండి, ఇంటికి తేకూడదు.
- ఎర్రటి బెరడున్న ప్రతిదీ సెకోయా కాదు. ఇన్సెన్స్ సీడర్ అనే చెట్టు కూడా అలాగే ఉంటుంది. రెమ్మ చూడండి: అణిచిపెట్టినట్టు బల్లపరుపుగా ఉంటే అది ఇన్సెన్స్ సీడర్, గుండ్రంగా, కొసలు గుచ్చుకునేట్టు ఉంటే సెకోయా.
- ఫోటోలో చెట్టు మామూలుగా కనిపిస్తోందా? మనిషిని కంచె దగ్గర నిలబెట్టి మీరు బాగా వెనక్కి రండి. ఫోన్ అడ్డంగా పట్టి, పనోరమా కింద నుంచి పైకి తీయండి. మనిషి బొటనవేలంత కనిపిస్తే కొలత కుదిరినట్టు.
- దిగేముందు ఇనుప పెట్టె మళ్లీ తెరిచి చూడండి. పెరుగు డబ్బా, మందుల సంచి అక్కడే ఉండిపోయేవి ఎక్కువ.